అక్కడ భయం లేదా?

ఫుకెట్‌కి టిక్కెట్లు బుక్‌ చేశామని తెలియగానే మావయ్య ఫోన్‌ చేశాడు. ‘బ్యాగులకు తాళాలు వెయ్యండి. ఎయిర్‌పోర్టులో ఎవరైనా పొట్లం చేతికిచ్చి ఫలానా వాళ్లకి ఇమ్మంటే ముట్టుకోకండి. జైల్లో పడితే నేను కూడా ఏం చెయ్యలేను’ అన్నాడు. మామూలు జైలయితే ఏదో చేసేవాడన్నట్టు! రాత్రిపూట బయట తిరగొద్దని మా ఆడపడుచు చెప్పింది. డబ్బు మూడు చోట్ల దాచుకోమని పక్క ఫ్లాట్‌ ఆయన సలహా ఇచ్చాడు. ఆఫీసులో మగవాళ్లయితే ‘థాయ్‌లాండా... ఫ్యామిలీతోనా?’ అని ఆగి, ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వుకున్నారు. ఆ నవ్వు ఎందుకో మీకు వేరే చెప్పక్కర్లేదు.

అమ్మ ఒక్కతే ఇవేవీ అడగలేదు.

‘మనం దిగే హోటల్‌కి సముద్రం ఎంత దూరమే?’ అంది.

‘మూడొందల మీటర్లమ్మా. నడిచి వెళ్లిపోవచ్చు’ అన్నాను గొప్పగా. బీచ్‌కి దగ్గరని రోజుకు రెండు వేలు ఎక్కువ కట్టాను మరి.

అమ్మ ఇంకేం మాట్లాడలేదు. లోపలికెళ్లి కందిపొడి డబ్బాకి మూత గట్టిగా బిగించింది.

అమ్మది బందరు. సముద్రాన్ని చూస్తూ పెరిగిన మనిషి. కానీ 2004 డిసెంబరు 26 తర్వాత నీళ్లలో కాలు పెట్టలేదు. ఆ రోజు మార్గశిర పౌర్ణమి. మంగినపూడి బీచ్‌కి స్నానాలకు వెళ్లినవాళ్లలో కొందరు తిరిగి రాలేదు. వాళ్లలో మా పక్కింటావిడ కూడా ఉంది. నాకు అప్పుడు పదిహేనేళ్లు. ఆ రోజు ఏం జరిగిందో నాకు అంతవరకే తెలుసు. అమ్మ ఎప్పుడూ చెప్పలేదు, నేనూ అడగలేదు. ఇరవై ఏళ్లు గడిచాయి కదా, ఇంకా ఆ భయమేమిటని మనసులో విసుక్కున్నాను కూడా.

నాకూ భయాలున్నాయి. కాకపోతే అవి నా ఉద్యోగం నేర్పిన భయాలు. ఎక్కడికి వెళ్లినా ముందుగా ఆ ఊరి గురించి పాత వార్తలు తీసి చదవడం నాకలవాటు. ఈసారి ‘పర్యాటకులు - భద్రత’ అని ఒక ఫైలే తయారుచేశాను. 2002 అక్టోబరు 12న బాలీలోని కూటాలో బాంబులు... 202 మంది మృతి, అందులో 88 మంది ఆస్ట్రేలియన్లే. 2015 జూన్‌ 26న ట్యునీషియాలోని సూస్‌ బీచ్‌లో కాల్పులు... గొడుగుల కింద ఎండకు పడుకున్న 38 మంది మృతి. అదే ఏడాది ఆగస్టులో బ్యాంకాక్‌ ఎరవాన్‌ గుడి దగ్గర బాంబు, 20 మంది. 2019 ఈస్టర్‌నాడు కొలంబో హోటళ్లు, చర్చిలు. మన దేశంలో చూస్తే 2025 ఏప్రిల్‌ 22న పహల్గాం, 26 మంది. చదివేకొద్దీ గుండె బరువెక్కింది. ఒక దశలో టిక్కెట్లు రద్దు చేసుకుందామా అని కూడా అనిపించింది.

మావారు ఫైలు తిరగేసి ‘మన లుంబినీ పార్కు లేదేం ఇందులో?’ అన్నారు.

నిజమే. 2007 ఆగస్టు 25న లేజర్‌ షో చూస్తూ బాంబు పేలుడులో చనిపోయినవాళ్లలో మహారాష్ట్ర నుంచి టూర్‌కి వచ్చిన ఇంజనీరింగ్‌ విద్యార్థులున్నారు. వాళ్ల ఇళ్లలోనూ బయల్దేరేముందు ‘హైదరాబాద్‌లో జాగ్రత్త’ అనే ఉంటారు. నేనప్పుడు డిగ్రీ మొదటి సంవత్సరం. వారం తిరగకుండానే ట్యాంక్‌బండ్‌ మీద మొక్కజొన్న పొత్తు తింటూ తిరిగాం. ఎందుకంటే అది మన ఊరు. మన ఊళ్లో జరిగింది మన ఫైల్లోకి ఎక్కదు.

అర్ధరాత్రి పాలప్యాకెట్‌

మే నెలాఖరులో వెళ్లాం. నేను, మావారు, తొమ్మిదేళ్ల మా బాబు, అమ్మ. ఆ నెలలో ఎందుకంటే పిల్లాడికి సెలవులు, పైగా ప్యాకేజీ చవక. ఎందుకు చవక అని మాత్రం అడగలేదు. బ్యాంకాక్‌లో విమానం మారి ఫుకెట్‌లో దిగేసరికి సన్నగా వాన.

పటాంగ్‌ ఊరు చూస్తే మొదట అనిపించేది... ఇది ఊరు కాదు, అతిథుల కోసం వేసిన సెట్టు అని. అడుగడుక్కీ మసాజ్‌ పార్లర్‌, ఫారెక్స్‌ కౌంటర్‌, ఇరవై నాలుగ్గంటల దుకాణం. బోర్డుల మీద ఇంగ్లిషు, రష్యన్‌, చైనీస్‌. అక్కడక్కడా హిందీ. ‘ఆలూ పరాఠా దొరుకును’ అన్నట్టు రాసిన బోర్డు చూసి మా బాబు ఎగిరి గంతేశాడు. టూరిస్టు పోలీసుల ఫోన్‌ నంబరు 1155 అని బోర్డులు. నేను అన్నిటికంటే ముందు ఫోన్‌లో ఎక్కించుకున్నది ఆ నంబరునే.

మొదటి రోజు రాత్రి అమ్మ కాఫీకి పాలు కావాలంది. టైమ్‌ పదకొండున్నర. మావారు నిద్రపోయారు. నేనొక్కదాన్నే బయల్దేరాను. వీధిలో స్కూటర్ల మీద ఒంటరిగా వెళ్తున్న ఆడపిల్లలు, నిక్కర్లు వేసుకుని ఐస్‌క్రీమ్‌ తింటూ తిరిగే తెల్ల ముసలమ్మలు, రోడ్డు పక్క అరటిపండ్ల రొట్టె వేసే బండి. నన్నెవరూ చూడలేదు. పలకరించినవాళ్లు కూడా మసాజ్‌కి రమ్మన్నవాళ్లే. దుకాణంలో పాలు తీసుకుని, కావాలనే ఒక వీధి చుట్టు తిరిగి వచ్చాను. ముప్పై ఆరేళ్ల జీవితంలో ఆ టైమ్‌లో, ఒంటరిగా, పనిలేకుండా నడిచింది అదే మొదటిసారి. హైదరాబాద్‌లో నైట్‌ డ్యూటీ అయ్యాక ఆఫీసు కారు ఇంటి గేటు దాకా వస్తుంది. గేటు నుంచి లిఫ్టు దాకా ఉన్న ఇరవై అడుగులు కూడా గబగబా నడుస్తాను.

తర్వాత ఆలోచిస్తే తట్టింది. ఆ వీధి అంత హాయిగా ఉందంటే అక్కడి వాళ్ల బతుకంతా మన జేబు మీదే నడుస్తోంది కాబట్టి. ఆ వీధిలో పనిచేసే అమ్మాయిలకు ఆ రాత్రి అంత హాయిగా ఉంటుందా? నేనడగలేదు. సెలవు మీద వచ్చాను కదా!

మర్నాడు సాయంత్రం బంగ్లా రోడ్డుకి తీసుకెళ్తే అమ్మ ఐదు నిమిషాలు చూసి ‘తిరనాళ్లలా ఉందే. కాకపోతే దేవుడే లేడు’ అంది.

ఏది భయం?

మేం టిఫిన్‌ తినే చోట గుంటూరు కుర్రాళ్లు నలుగురు పరిచయమయ్యారు. జెట్‌స్కీ అద్దెకు తీసుకుని అరగంట తిరిగి వస్తే, కింద గీత పడిందని ముప్పై వేల బాత్‌లు అడిగారట. పది మంది చుట్టూ చేరారట. చివరికి పన్నెండు వేలకు తేల్చుకుని వచ్చారు. ఎక్కేముందు బండిని నాలుగు వైపులా ఫోన్‌లో వీడియో తీసుకోవాలని ఆ కుర్రాళ్లకు అప్పటికి తెలియదు. పాస్‌పోర్టు తాకట్టు పెట్టకూడదని కూడా తెలియదు. పాపం నలుగురూ మా ముందు నవ్వుతూ చెప్పారు గానీ, ఇడ్లీ ముక్క గొంతు దిగుతున్నట్టు లేదు.

ఆ నవ్వులోనే మరో మాట అన్నారు. ‘అందుకే అక్కా, ఇవాళ్టి నుంచి స్కూటర్లు. రోజుకు రెండొందల యాభై బాత్‌లే. లైసెన్స్‌ కూడా అడగలేదు’ అని. హెల్మెట్లు హ్యాండిల్‌కి తగిలించి వెళ్లిపోయారు.

నాకు ఫైల్లో లేని లెక్క ఒకటి గుర్తొచ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో ఇచ్చిన నివేదిక ప్రకారం థాయ్‌లాండ్‌లో రోడ్డు ప్రమాదాల్లో చనిపోయేవాళ్లు లక్ష జనాభాకు 32.7 మంది. మన రోడ్ల సంగతి మనకు తెలుసు కదా, మనకే 22.6. థాయ్‌లాండ్‌లో ఆ మరణాల్లో నాలుగింట మూడొంతులు మోటారు సైకిళ్లు, మూడు చక్రాల బళ్ల మీదివే. అంతర్జాతీయ డ్రైవింగ్‌ పర్మిట్‌ లేకుండా నడిపితే అక్కడ చట్టవిరుద్ధం. ఏదైనా జరిగితే ట్రావెల్‌ ఇన్సూరెన్స్‌ కంపెనీ కూడా చేతులు దులుపుకోవచ్చు.

ఇదంతా నా ఫైల్లో ఎందుకు లేదు? జవాబు నాకు తెలుసు. జర్నలిజం డిప్లొమా క్లాసులో మొదటి వారం చెప్పిన పాఠమే. ఎప్పుడూ జరిగేది వార్త కాదు. స్కూటర్‌ మీంచి పడ్డ టూరిస్టు సింగిల్‌ కాలమ్‌. సముద్రంలో మునిగిపోయినవాడు నాలుగు లైన్లు. ఆ నాలుగు లైన్లు కూడా పేజీలో చోటు మిగిలితే. పదేళ్లుగా ఆ పేజీలు పెడుతున్నదాన్ని నేనే. చదివి భయపడేదాన్నీ నేనే!

నల్లటి నీళ్లు

మూడో రోజు పటాంగ్‌కి దక్షిణంగా ఉన్న కరోన్‌ బీచ్‌కి వెళ్లాం. మూడు కిలోమీటర్ల పొడవు, తెల్లటి ఇసుక. కాలు వేస్తే కిర్రుమంటుంది. వాన తెరిపిచ్చింది. ఇసుకలో ఎర్రజెండాలు పాతి ఉన్నాయి. జెండాకి అటూ ఇటూ జనం నీళ్లలో ఆడుకుంటున్నారు.

‘ఎర్రజెండా ఉందండీ’ అన్నాను.

‘అది ఫార్మాలిటీ. చూడు, ఎంతమంది ఉన్నారో’ అన్నారు మావారు. ఆయన మాట నాకూ సబబుగానే అనిపించింది. నలుగురు ఉన్నచోట భయమేముంటుంది? పైగా ఆయన మంచి చోటే వెతికారు. అటూ ఇటూ అలలు పెద్దగా విరుగుతుంటే, మధ్యలో ఒకచోట మాత్రం నీళ్లు నిలకడగా ఉన్నాయి. పిల్లాడికి అదే మంచిదని చెయ్యి పట్టుకుని అక్కడికే తీసుకెళ్లారు.

అమ్మ దూరంగా, ఇసుక గట్టు మీద చెట్టు కింద కూచుంది. అంత దూరం నుంచి అరిచింది. ‘అల్లుడుగారూ, అక్కడ వద్దు. నీళ్లు నల్లగా ఉన్నాయి’ అని. మాకు వినబడింది. నేను వెనక్కి తిరిగి ‘ఏం కాదులేమ్మా’ అన్నాను కూడా.

మోకాళ్ల లోతులో ఉన్నారు. నేను ఫోన్‌ తీసి రెండు ఫొటోలు తీశాను. మూడో ఫొటోలో నడుము లోతు. నాలుగోది తియ్యలేదు. వాళ్లు నడవడం లేదు, ఈదడం లేదు, అయినా దూరమవుతున్నారు. కింద నేల జారిపోతున్నట్టు ఆయన ఒక పక్కకి ఒరిగారు. బాబుని ఎత్తి భుజాల మీద పెట్టుకున్నారు. ఒడ్డు వైపే మొహం పెట్టి కాళ్లు కొడుతున్నారు, ఒక్క అడుగు ముందుకు రావడం లేదు. బాబు అరవలేదు. అదే నాకు ఇప్పటికీ కళ్లలో మెదులుతుంది. నాన్న తల గట్టిగా పట్టుకుని నా వైపే చూస్తున్నాడు.

నాకు 1155 గుర్తు రాలేదు. ఏదీ గుర్తు రాలేదు. నేను నీళ్లలోకి పరిగెత్తబోతే వెనక నుంచి ఎవరో జబ్బ పట్టుకుని లాగారు. అమ్మ. చెట్టు కింద ఉన్న మనిషి ఎప్పుడు వచ్చిందో! ఒక చేత్తో నన్ను పట్టుకుని, రెండో చేత్తో పైట కొంగు తీసి గాల్లో ఊపుతూ కేకలు పెడుతోంది. తెలుగులోనే. విజిల్‌ వినిపించింది. ఎర్ర నిక్కరు కుర్రాడు పలక లాంటిది చంకలో పెట్టుకుని దూకాడు. వాళ్లని నేరుగా ఒడ్డుకు తేలేదు. ముందు పక్కకి, చాలా దూరం పక్కకి తీసుకెళ్లి, అలలు విరిగేచోట బయటికి తెచ్చాడు. అంతా కలిపి ఐదు నిమిషాలు ఉంటుందేమో.

ఇద్దరికీ ఏమీ కాలేదు. కొన్ని ఉప్పునీళ్లు తాగారు, అంతే.

ఆ కుర్రాడు తిట్టలేదు. వచ్చీరాని ఇంగ్లిషులో మాట్లాడుతూ, తడి ఇసుక మీద పుల్లతో బొమ్మ గీశాడు. అలలు ఒడ్డుకు తెచ్చిన నీళ్లన్నీ తిరిగి వెళ్లాలి కదా. అవన్నీ ఒక పాయలా కలిసి లోపలికి పోతాయి. ఆ పాయ పోయేచోట అల విరగదు. అందుకే చూడ్డానికి అక్కడ నిశ్శబ్దంగా, ముదురు రంగులో ఉంటుంది. అందరూ అదే మంచి చోటని దిగుతారు. లాగినప్పుడు ఒడ్డు వైపు ఈదితే అలిసిపోయి మునుగుతారు. పక్కకి, ఒడ్డు వెంబడి ఈదాలి. ఈత రాకపోతే తేలుతూ చెయ్యెత్తాలి. మే నుంచి అక్టోబరు దాకా ఈ తీరమంతా ఇంతేనట. నైరుతి రుతుపవనాలు నేరుగా తగిలే వైపు ఇది. ప్యాకేజీ ఎందుకు చవకో అప్పుడు తెలిసింది.

‘రోజూ చెప్తాం. హోటల్లో మాకెవరూ చెప్పలేదంటారు’ అన్నాడతను.

మా హోటల్లో చెప్పారు. గదిలో టేబుల్‌ మీద మూడు భాషల్లో అచ్చేసిన కార్డుంది. జెండాల రంగులు, వాటి అర్థాలు. దాని మీద నేను టీవీ రిమోట్‌ పెట్టాను.

‘నీకెలా తెలుసమ్మా?’ అనడిగాను రాత్రి.

‘మా నాన్న చెప్పేవాడు. అల విరగనిచోట దిగొద్దని’ అంది. అంతే. ‘నేను చెప్తే విన్నారా?’ అని ఒక్క మాట అనలేదు. మావారు ఆ రోజు అన్నం తినలేదు. బాబు మాత్రం రైస్‌ కుక్కర్‌లో వండిన అన్నంలో కందిపొడి కలిపించుకుని రెండుసార్లు తిన్నాడు.

నాకు నిద్ర పట్టలేదు. 2014 జూన్‌ 8 గుర్తొచ్చింది. హైదరాబాద్‌ నుంచి టూర్‌కి వెళ్లిన ఇంజనీరింగ్‌ పిల్లలు హిమాచల్‌ప్రదేశ్‌లో బియాస్‌ నదిలో రాళ్ల మీద నిలబడి ఫొటోలు దిగుతున్నారు. పైన లార్జీ డ్యామ్‌ నుంచి నీళ్లు వదిలారు. 24 మంది విద్యార్థులు కొట్టుకుపోయారు. నేనప్పుడు కొత్త రిపోర్టర్‌ని. ఒక ఇంటికి పంపారు. హాల్లో పిల్లాడి కొత్త స్పోర్ట్స్‌ బూట్లు పెట్టె ఉంది. ‘నీళ్లలో తడుస్తాయని ఇవి వేసుకెళ్లలేదమ్మా’ అంది వాళ్లమ్మ. ఆ మాట రాయలేక వచ్చేశాను. ఆ పిల్లల ఆఖరి ఫొటోల్లోనూ ఒక్క మొహంలో కూడా భయం లేదు. ఉండేందుకు కారణమూ లేదు. మోకాళ్ల లోతు నీళ్లే కదా.

పోలీసు పడవ

మర్నాడు ఫీ ఫీ దీవులకు వెళ్లాల్సిన రోజు. డబ్బు ముందే కట్టాం. గాలి గట్టిగా వీస్తోంది. ‘పడవలు వెళ్తున్నాయి, ఏం ఫర్వాలేదు’ అన్నాడు ఏజెంటు. 2018 జూలై 5న వాతావరణ హెచ్చరికలున్నా ఫుకెట్‌ దగ్గర సముద్రంలోకి వెళ్లిన ఫీనిక్స్‌ అనే పడవ మునిగి 47 మంది చైనా టూరిస్టులు చనిపోయారు. ఆ సంగతి అంతకుముందు రోజు దాకా నాకొక పాత వార్త. ఇప్పుడు కాదు. సగం డబ్బు వదులుకుని మానేశాం.

‘ఇవాళ ఎక్కడికెళ్దామమ్మా? గుడికా, షాపింగ్‌కా?’ అనడిగాను.

‘ఇక్కడా సునామీ వచ్చిందంటగా. అదేదో చూపిస్తారంట, డ్రైవర్‌ చెప్పాడు’ అంది.

అలా ఖావో లాక్‌కి వెళ్లాం. ఫుకెట్‌ దీవి దాటి ఉత్తరంగా ఫాంగ్‌ న్గా జిల్లాలో ఉంది, కారులో రెండు గంటలు. 2004లో థాయ్‌లాండ్‌లో ఎక్కువమంది పోయింది ఆ తీరంలోనే. దేశం మొత్తం మీద 5,395 మంది చనిపోయారని లెక్క. వాళ్లలో సుమారు రెండు వేల మంది సెలవులకు వచ్చిన విదేశీయులు. క్రిస్మస్‌ మర్నాడు, ఆదివారం, ఎండ కాస్తున్న పొద్దు. సుమత్రా దగ్గర భూకంపం వచ్చాక రెండు గంటలకు గానీ అల ఇక్కడికి చేరలేదు. ఆ రెండు గంటల్లో చెప్పేవాళ్లు లేరు. ఇప్పుడు తీరమంతా సైరన్‌ స్తంభాలు, ఎటు పరిగెత్తాలో చూపించే నీలం బోర్డులు ఉన్నాయి. 2012 ఏప్రిల్‌ 11న సుమత్రా దగ్గర 8.6 తీవ్రతతో భూకంపం వస్తే ఫుకెట్‌లో ఆ సైరన్లు మోగాయి, జనాన్ని ఖాళీ చేయించారు. పెద్ద అల రాలేదు.

దారిలో బాబుకి టిల్లీ స్మిత్‌ కథ చెప్పాను. ఆ రోజు ఫుకెట్‌లోనే మై ఖావో బీచ్‌లో ఉన్న పదేళ్ల ఇంగ్లండ్‌ అమ్మాయి. సముద్రం నురగలు కక్కుతూ వింతగా ఉండటం చూసి, రెండు వారాల ముందు భూగోళం క్లాసులో చెప్పిన పాఠం గుర్తుకొచ్చి గోల చేసింది. తల్లిదండ్రులు విని అందరినీ ఒడ్డు నుంచి కదిలించారు. ఆ బీచ్‌లో సుమారు వంద మంది బతికారు.

‘వాళ్ల నాన్న విన్నాడన్నమాట’ అన్నాడు మా వాడు. ముందు సీట్లో మావారు కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయారు.

ఖావో లాక్‌లో రోడ్డు పక్కన గడ్డిలో ఒక పోలీసు పడవ ఉంది. నంబరు 813. పేరుకి పడవే గానీ ఓడంత ఉంది. ఆ రోజు అది తీరానికి కాస్త దూరంలో కాపలా ఉంది. ఎవరికంటే, అక్కడ జెట్‌స్కీ మీద తిరుగుతున్న ఇరవై ఒక్కేళ్ల కుర్రాడికి. అతను అప్పటి థాయ్‌ రాజు మనవడు, యువరాణి ఉబోల్రతన కొడుకు. అల పడవని ఎత్తి రెండు కిలోమీటర్లకు దగ్గరగా లోపలికి తెచ్చి పడేసింది. ఆ కుర్రాడు బతకలేదు. పడవని మాత్రం కదపకుండా జ్ఞాపకంగా ఉంచేశారు. అక్కడ నిలబడి చూస్తే సముద్రం కనబడదు. చప్పుడు కూడా వినబడదు.

అమ్మ పడవ చుట్టూ ఒకసారి నడిచింది. చెప్పులు విప్పి, ఇనుము మీద అరచెయ్యి పెట్టి నిలబడింది. ప్రదక్షిణ చేస్తోందేమో అనుకున్నాను.

‘ఆ అమ్మాయిది ఖమ్మం’ అంది ఉన్నట్టుండి.

ఎవరో నాకు వెంటనే అర్థం కాలేదు.

‘మన పక్క వాటాలో అద్దెకున్నారే... పెళ్లయి ఆరు నెలలు. సముద్రం ఎప్పుడూ చూళ్లేదంది. పౌర్ణమి స్నానానికి అందరం కలిసి వెళ్దామనుకున్నాం. పొద్దున్నే నీకు జ్వరం. నేను ఆగిపోయా. తనూ మానేస్తానంది. అక్కడ భయం లేదా అక్కా అనడిగింది నన్ను. భయమేంటే, మంగినపూడిలో ఎంత దూరం పోయినా మోకాళ్ల లోతే, నీకేం కాదు, వెళ్లిరా అన్నాను. ఒక సీసా కూడా ఇచ్చాను, నాకు సముద్రం నీళ్లు తెమ్మని.’

మంగినపూడి నిజంగా లోతు తక్కువ తీరం. నల్లమట్టి నేల. బందరు వాళ్లెవరైనా ఆ మాటే చెబుతారు. ఆ రోజు ఆంధ్ర తీరమంతటా వంద మందికి పైగా పోయారు.

‘నీ తప్పేముందమ్మా అందులో?’ అన్నాను.

‘తప్పని ఎవరన్నారే?’ అంది అమ్మ. చెప్పులు వేసుకుంది. ‘నిన్న నువ్వు నాతో అన్నావు చూడు, ఏం కాదులేమ్మా అని. అచ్చం అలాగే అన్నాను నేనూ’ అంది.

తిరుగు ప్రయాణంలో ఎవరం పెద్దగా మాట్లాడుకోలేదు. మిగిలిన రెండు రోజులు హోటల్‌ ఈతకొలనులో మావారికీ, బాబుకీ ఈత పాఠాలు. పక్కకి ఈదడం, తేలడం, చెయ్యెత్తడం. నేర్పింది ఇసుకలో బొమ్మ గీసిన ఆ కుర్రాడే. సాయంత్రాలు వచ్చేవాడు. డబ్బిస్తే మొదటిరోజు తీసుకోలేదు. రెండో రోజు అమ్మ ఇస్తే తీసుకున్నాడు. స్కూటర్‌ గుంటూరు కుర్రాళ్లలో ఒకడు మోచేతికి కట్టుతో టిఫిన్‌కి వచ్చాడు. హెల్మెట్లు ఇప్పుడు పెట్టుకుంటున్నామని నలుగురూ ఒకేసారి చెప్పారు.

శంషాబాద్‌లో దిగేసరికి రాత్రి రెండు దాటింది. క్యాబ్‌ ఎక్కామో లేదో పిన్ని కూతురు ఫోన్‌. అమెరికా నుంచి, వాళ్లకది మధ్యాహ్నం. డిసెంబరులో బాలీ వెళ్తున్నారట, పిల్లలిద్దరితో.

‘నువ్వు ఇలాంటి చోట్లకి ఇప్పుడే వెళ్లొచ్చావు కదా, చెప్పక్కా. అక్కడ భయం లేదా?’ అంది.

భయమేముంది అనబోయి ఆగాను. ‘హోటల్‌ ఏ బీచ్‌ మీద? ఆ నెలలో సముద్రం ఎలా ఉంటుందో కనుక్కున్నావా?’ అన్నాను. అది కాదు నేనడిగేది, బాంబుల సంగతి అంది తను. క్యాబ్‌ అప్పటికే ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కింది. వంద దాటిందని గాలి చప్పుడు చెబుతోంది. పక్కన అమ్మ సీటు కవర్‌ కింద చెయ్యి పెట్టి దేనికోసమో తడుముతోంది.

‘ఏం కావాలమ్మా?’ అన్నాడు డ్రైవర్‌ అద్దంలో చూసి.

‘బెల్టు, బాబూ.’

‘వెనక సీట్లో అక్కర్లేదమ్మా, ఎవరూ అడగరు’ అన్నాడు.

అమ్మ వినలేదు. కవర్‌ అంచు పైకి లాగి బెల్టు బయటికి తీసి, నిద్రలో ఒరిగిపోతున్న మనవడిని సరిగ్గా కూచోబెట్టి, క్లిప్పు దొరికేదాకా వెతుకుతూనే ఉంది.